ప్లాస్టరుకు మర్యాద తెలియదు

పెళ్ళయి నెల తిరక్కుండానే సూర్యకళకు ఒక సంగతి అర్థమైపోయింది. తన మొగుడు లోకాన్ని మూడు రకాలుగా చూస్తాడు. కులాన్ని బట్టీ కాదు, ఊరిని బట్టీ కాదు, దవడని బట్టి.

సాయంత్రం బీచిరోడ్డు గోడ మీద కూర్చుని ఇద్దరూ ఒకే పొట్లంలోంచి మురీమిక్చరు తింటుంటే, నడిచిపోయేవాళ్ళ ముఖాలను పక్కనుంచి చూసి సత్యం మెల్లగా గొణిగేవాడు. గడ్డం ముందుకు పొడుచుకొచ్చిన మనిషి కనిపిస్తే "మూడు" అనేవాడు. గడ్డం మెడలోకి జారిపోయి, పైపళ్ళు బయటికి తొంగిచూస్తుంటే "రెండు" అనేవాడు. "ఒకటి" అనడం అరుదు. అన్న రోజు మాత్రం సింహాచలం కొండ మీద నిజరూప దర్శనం అయినంత తృప్తిగా అనేవాడు. సూర్యకళకు నవ్వు ఆగేది కాదు. నోట్లోని మరమరాలు గాలికి ఎగిరిపోయేవి.

సత్యం పళ్ళ డాక్టరు. అందులోనూ వంకరపళ్ళు సరిచేసే చదువు చదివినవాడు. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజుల్లో వాళ్ళ నాన్న తణుకు దగ్గర్నుంచి ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడ్డాడు. సూర్యకళ వాళ్ళదీ అలాంటి కథే. పాలకొల్లు వదిలి వచ్చిన నాన్న అర్జునరావు పోర్టులో ఓడలను జెట్టీకి కట్టించే పనిలో ఉన్నాడు. ఆమె బి.ఎస్సీ. పూర్తి చేసిన ఏడాదే ఈ సంబంధం కుదిరింది.

పెళ్ళిచూపుల నాడు ఆమె కాఫీ కప్పులు పెట్టి, పక్కకు తిరిగి తన మేనత్త తాయారు వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ ఒక్క చూపుతోనే సత్యం తేల్చేశాడు. తిరిగి వెళ్తూ ఆటోలో వాళ్ళమ్మకు "అమ్మా, క్లాస్ వన్" అని చెప్పాడట. ఆవిడకు ఆ లెక్క తెలియకపోయినా కొడుకు ముఖం చూసి సరేననుకుంది. ఆ తర్వాత అతను ఆ మాట స్నేహితులకు చెప్పాడు, కాలేజీ మాస్టార్లకు ఫోన్ చేసి చెప్పాడు, పెళ్ళిలో వడ్డన దగ్గర నిలబడి కూడా ఎవరికో చెప్తుంటే సూర్యకళ వింది. డిగ్రీలో రెండు మార్కుల తేడాతో చేజారిన బంగారు పతకం ఇన్నాళ్ళకు మెడలో పడ్డట్టనిపించింది ఆమెకు.

అసలా లెక్కేమిటో చెప్పమని ఒకరోజు పట్టుబట్టింది. అతను పాఠం మొదలుపెట్టాడు. వందేళ్ళ కిందట ఏంగిల్ అనే అమెరికా డాక్టరు ఏర్పరచిన పద్ధతి అది. ఆరో ఏట నోట్లో వెనకవైపు ఒక పెద్ద పన్ను వస్తుంది, పైన ఒకటి, కింద ఒకటి. నోరు మూసినప్పుడు పైపన్ను ముందు మొన, కిందిపన్ను నడుమ ఉన్న గాడిలో దిగాలి. దిగితే ఒకటో క్లాసు. కిందిపన్ను వెనకబడిపోతే రెండు. ముందుకు దాటిపోతే మూడు. ఒకటో క్లాసులో కూడా ముందుపళ్ళు వంకరగా ఉండొచ్చు, కానీ వెనక పునాది సరిగ్గా ఉన్నట్టు లెక్క.

సూర్యకళ చప్పున అందుకుంది. "అంటే పైదవడ జెట్టీ. కిందిదవడ ఓడ. ఓడ గుర్తు దగ్గర ఆగిందా, వెనకే ఆగిందా, దాటిపోయిందా, అంతేగా?"

సత్యం ఆ మాటను చీటీ మీద రాసుకున్నాడు. మర్నాటి నుంచి పేషెంట్లందరికీ జెట్టీ, ఓడ కథే చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు చెప్పారని ఎవరూ అడక్కపోయినా, మా ఆవిడ చెప్పిందని చెప్పేవాడు.

సీతమ్మధారలో మందుల షాపు పైన రెండు గదుల క్లినిక్. మధ్యాహ్నం వంట ముగించి సూర్యకళ కూడా అక్కడికే చేరేది. పళ్ళ అచ్చు తీసే గులాబీరంగు ముద్ద కలపడం నేర్చుకుంది. ఆ ముద్ద గట్టిపడ్డాక అందులో తెల్లటి ప్లాస్టరు పోసి పళ్ళ నమూనా తయారుచేయడం నేర్చుకుంది. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైన ఘడియ ఒకటుంది. పోసిన ప్లాస్టరు గట్టిపడుతున్నప్పుడు దానంతట అదే వెచ్చబడుతుంది. ఆ నమూనాను రెండు అరచేతుల్లో పట్టుకుని, కోడిగుడ్డు పొదుగుతున్నానని మొగుడితో చెప్పి నవ్వేది.

పళ్ళకు కమ్మీలు వేసే మొదటి కేసు క్లినిక్‌కి తవిటమ్మ ద్వారా వచ్చింది. తవిటమ్మ పెదజాలరిపేట మనిషి. పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధార ఇళ్ళకు తిరుగుతుంది. మనవరాలు ఆశకు ఎత్తుపళ్ళు. పన్నెండేళ్ళ పిల్ల. "ఇస్కూల్లో ఎక్కిరిత్తన్నారు బాబూ, అన్నం కూడా మూతికి సెయ్యడ్డెట్టుకునే తింతాది" అని తవిటమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

సత్యం పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి చూశాడు. అచ్చులు తీశాడు, మెత్తటి మైనం ముక్క కొరికించి కాటు గుర్తు తీసుకున్నాడు, పక్కనుంచి ఎక్స్‌రే తీయించాడు. వెనకపళ్ళ అమరిక చక్కగా ఉంది, ఒకటో క్లాసు అని రాశాడు. నోట్లో చోటు చాలక ముందుపళ్ళు బయటికి తోసుకొచ్చాయి. పైన రెండు, కింద రెండు పళ్ళు తీసేసి, ఆ ఖాళీలోకి ముందుపళ్ళను కమ్మీతో లాగాలి. పళ్ళు తీసే పని గోపాలపట్నంలో ప్రాక్టీసు చేస్తున్న స్నేహితుడు శ్రీరామ్మూర్తికి అప్పగించాడు. సోమవారం పొద్దున్నే ముహూర్తం. నాలుగూ గట్టి పళ్ళే. తీశాక మళ్ళీ మొలిచేవి కావు. ఆ మాట చెప్పినప్పుడు తవిటమ్మ మీ మాటే మాటని తలూపింది.

ముందురోజు ఆదివారం. క్లినిక్‌కి సెలవైనా ఇద్దరూ అక్కడే ఉన్నారు. పేషెంట్లకు చూపించడానికి ఒకటో క్లాసు నమూనా ఒకటి కావాలని సత్యం ఎప్పట్నుంచో అంటున్నాడు. షాపులో దొరికే ప్లాస్టిక్ పళ్ళు అతనికి నచ్చలేదు. ఇంట్లోనే ఉండగా కొనుక్కోవడమేమిటన్నాడు. సూర్యకళ పెళ్ళిచీరల్లో ఒకటి కట్టుకుని మరీ కుర్చీ ఎక్కింది. పళ్ళకు చీరతో పనేమిటని అతనడిగితే, ఫోటోకైతే కట్టుకోమా అంది. ముద్ద చల్లగా అంగిలికి తగిలి చక్కిలిగింత పెట్టింది. మైనం కొరకమంటే ఒద్దికగా కొరికింది.

ప్లాస్టరు ఆరాక సత్యం పై అచ్చు, కింది అచ్చు చేతుల్లోకి తీసుకుని మధ్యన మైనం పెట్టాడు. మొన సూటిగా గాడికి ఎదురుగా నిలిచింది. ఇల్లాలి వైపు గర్వంగా చూశాడు. తర్వాత మైనం తీసి పక్కన పెట్టి, రెండు అచ్చులనూ ఒకదాని మీద ఒకటి ఊరికే మూశాడు.

అవి అక్కడ కూర్చోలేదు. కింది అచ్చు నెమ్మదిగా వెనక్కి జారి, పళ్ళు పళ్ళలో టక్కున దిగి, కదలకుండా ఆగింది. మొన గాడిలో లేదు. సత్యం విడదీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. ఓడ గుర్తుకు వెనకే ఆగిపోయింది.

"కళా, నువ్వు నోరెలా మూస్తావు?"

"అందరూ మూసినట్టే."

"ఎవరూ చూడనప్పుడు?"

అదేం ప్రశ్న అనుకుంది. అయినా కళ్ళు మూసుకుని, ఒంటరిగా వంటింట్లో ఉన్నట్టు ఊహించుకుని, లాలాజలం మింగింది. కిందిదవడ తనంతట తనే వెనక్కి వెళ్ళి, అలసిపోయి ఇంటికొచ్చి చెప్పులు విడిచినంత హాయిగా కూర్చుంది. ఎప్పుడూ పట్టించుకోని విషయం. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మద్దిలపాలెంలో స్టూడియోలో ఫోటోకి నిలబెట్టి, తాయారత్త వేళ్ళతో గడ్డం మీద టప్పున తట్టేది. "గడ్డం ముందుకెట్టు అమ్మడూ, పళ్ళు లోపలికెళ్తాయి." బళ్ళో ఫోటోకీ అంతే, పేరంటానికీ అంతే. కొన్నాళ్ళకు తట్టే చెయ్యి అక్కర్లేకుండా పోయింది. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, గడ్డం దానంతట అదే ముందుకొచ్చి నిలబడేది. పెళ్ళిలో రెండు రోజులూ చెవుల ముందు లాగుతూ నొప్పెడితే, పెళ్ళికూతుళ్ళందరికీ నవ్వీ నవ్వీ అలాగే ఉంటుంది కాబోలనుకుంది.

ఇదంతా మొగుడికి చెప్తూ చెప్తూ ఆమె గొంతు తగ్గించేసింది. ఊరంతా చాటింపు వేసుకున్న పతకం మెడలోంచి జారి కింద పడ్డట్టనిపించింది. సత్యం అచ్చులను అరచేతిలో తూచి చూస్తున్నాడు.

"ప్లాస్టరుకు మర్యాద తెలియదు" అన్నాడు. "ఉన్నదున్నట్టు మూసుకుంది." ఆ మాట అని పగలబడి నవ్వాడు. "పరీక్షలో నలుగురు పెద్ద డాక్టర్లు కూర్చుని కూడా నన్ను బోల్తా కొట్టించలేకపోయారు. నువ్వు కాఫీ కప్పు పట్టుకుని కొట్టించావు."

ఆమెకూ నవ్వొచ్చింది. సగం నవ్వులోనే ఆగిపోయి కుర్చీ దిగింది.

"ఏవండీ, ఆశ."

మొన్న అచ్చులు తీసిన రోజు వరండాలో ఆశ జామకాయ కొరుక్కుంటుండగా ఆమె చూసింది. గడ్డం బాగా లోపలికుంది. లోపల్నుంచి డాక్టరు పిలవగానే తవిటమ్మ పిల్ల జడ సర్ది, గడ్డం కింద వేళ్ళతో టప్పున తట్టింది. ఆ తట్టడం ఎక్కడో చూసినట్టుందే అనుకుని అప్పుడు వదిలేసింది. అది తాయారత్త తట్టు.

సత్యం బీరువాలోంచి ఆశ అచ్చులు తీసి మైనం లేకుండా మూసి చూశాడు. ఇంకా సగం మొలిచీ మొలవని పళ్ళు, ఎటు పెడితే అటు కూర్చుంటున్నాయి. అందుకే ఆ రోజు మైనాన్ని నమ్మాడు. ఎక్స్‌రే కూడా పిల్ల మూతి సర్దుకునే తీయించుకుని ఉంటుంది. సూర్యకళ అన్నదే నిజమైతే ఆశ ఒకటో క్లాసు కాదు. పళ్ళెక్కువై కాదు, కిందిదవడ వెనకబడి పైపళ్ళు ఎత్తుగా కనిపిస్తున్నాయి. అప్పుడు నాలుగు మంచి పళ్ళు పీకించడం ఒట్టి అన్యాయం. అతను ఫోన్ అందుకుని మళ్ళీ పెట్టేశాడు. శ్రీరామ్మూర్తికి ఫోన్ చేసి ఆపొచ్చు, కానీ ఊహ మీద ఏమని ఆపాలి? రేపు ఇక్కడికే పిలిపించి కుర్చీ ఎక్కిస్తే పిల్ల మళ్ళీ అదే మూతి పెడుతుంది.

"కుర్చీ ఎందుకు? వాళ్ళింటికే వెళ్దాం పదండి" అంది సూర్యకళ, అప్పటికే స్కూటరు తాళాలు తీసి.

పెదజాలరిపేటలో ఇంకా ఎండ ఉంది. ఒడ్డుకు లాగిన తెప్పల నీడలో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆశ తోటిపిల్లలతో ఒక తెప్ప అంచు మీద కూర్చుని పకోడీలు తింటూ విరగబడి నవ్వుతోంది. గడ్డం ఎక్కడుండాలో అక్కడే, హాయిగా వెనకుంది. స్కూటరు మీంచే ఇద్దరూ చూశారు. డాక్టరు కనబడగానే పిల్ల లేచి నిలబడింది. ఆఫీసరును చూసిన జవానులా గడ్డం ముందుకొచ్చి నిలిచింది.

నాలుక వెనక్కి మడిచి గుటక మింగమన్నాడు సత్యం. మింగింది, ఆ వెంటనే సర్దుకుంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అంతే. ఈలోగా తవిటమ్మ గుడిసెలోంచి పరుగున వచ్చింది. చెయ్యి అలవాటుగా మనవరాలి గడ్డం మీదికి వెళ్ళింది. "మూతి ఒద్దిగ్గా ఎట్టుకోయే గుంటా, డాట్రుబాబొచ్చినారు."

సూర్యకళ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. వదిలెయ్యి మామ్మా అని చెప్పి, పట్టుచీరతోనే ఇసకలో ఆశ ముందు గొంతుక్కూర్చుంది. చుట్టూ పిల్లలు మూగారు, వలల దగ్గర మగవాళ్ళు తలెత్తారు, పక్కింటి అసిరమ్మ గుమ్మంలోకి వచ్చింది. మొగుడు నిలబడి చూస్తున్నాడు. కళ్ళు తెరిచి, నలుగురూ చూస్తుండగా ఎన్నడూ కావాలని చేయని పని అది. సూర్యకళ దవడను వదిలేసింది. అది వెనక్కి జారింది. పైపళ్ళు పెదవి మీదికొచ్చి కూర్చున్నాయి.

ఆశ కళ్ళు పెద్దవయ్యాయి. "ఓలమ్మ, అచ్చం నాలాగే."

"మా అత్త కూడా నా గడ్డం మీద తట్టేది. ఇలా ముందుకు పెట్టి పెట్టి సాయంత్రానికి ఇక్కడ లాగేస్తుంది" అంటూ సూర్యకళ చెవి ముందు వేలు పెట్టి చూపించింది.

ఆశ తన చెవి ముందు వేలు పెట్టుకుంది. "నాకూ ఇక్కడే లాగుతాదక్కా. ఎవలికీ సెప్పనేదు."

"అయితే ఇద్దరం కలిసి వదిలేద్దాం. మింగు."

ఇద్దరూ కలిసి మింగారు. ఈసారి పిల్ల గడ్డం వెనక్కి వెళ్ళి అక్కడే ఉండిపోయింది, నవ్వుతూ. సత్యం మోకాళ్ళ మీద కూర్చుని, బుగ్గను వేలితో పక్కకు లాగి, చిన్న టార్చి వేసి చూశాడు. రెండో వైపూ చూశాడు.

"రెండు" అన్నాడు. బీచిరోడ్డు గోడ మీద "ఒకటి" అనేటప్పటి తృప్తి ఆ గొంతులో వినబడింది సూర్యకళకు.

పళ్ళు తీయక్కర్లేదని అక్కడే, ఇసకలోనే చెప్పేశాడు. గడ్డం తట్టి ముందుకు పెట్టించడంతో ముందు తను పొరపాటుగా రాశానని కూడా చెప్పాడు. తవిటమ్మకు సగమే అర్థమైంది. ఆ సగంలో ఆమెకు వినబడింది తన చెయ్యి గురించి.

"అయితే గుంటని నానే పాడు సేసినానా బాబూ?"

"లేదు మామ్మా. నువ్వు చేసిందీ వైద్యమే." అతను రెండు చేతులతో చూపించాడు. పైపళ్ళకొక బిళ్ళ, కిందిపళ్ళకొక బిళ్ళ ఉంటాయి. నోరు మూసినప్పుడల్లా ఆ బిళ్ళల ఏటవాలు కింది దవడను ముందుకు నడిపిస్తుంది. పిల్లకు ఎముక ఇంకా పెరిగే వయసు కాబట్టి పగలూ రాత్రీ పెట్టుకుంటే దవడ మెల్లగా అక్కడికి అలవాటుపడుతుంది. "నువ్వు చేత్తో తట్టావు, చెయ్యి తియ్యగానే జారిపోయింది. మేము చెయ్యి తియ్యకుండా ఉండే ఏర్పాటు చేస్తాం. అంతే తేడా."

తవిటమ్మ ముఖం మెల్లగా విప్పారింది. వెనక్కి తిరిగి గుమ్మంలోని అసిరమ్మకు వినబడేలా అంది. "విన్నావేటే? డాట్రుబాబు అంత సదువు సదివి సేసేదీ, నాను సేత్తో సేసిందీ ఒకటేనట."

"అయితే రేపట్నుంచి గంప మానేసి డాట్రు బోర్డు కట్టియ్యే" అంది అసిరమ్మ. వలల దగ్గర అందరూ గొల్లున నవ్వారు. తవిటమ్మ ఆ నవ్వును పూలదండలా మెడలో వేసుకుంది.

సత్యం స్కూటరును తిరుగుదారి పట్టించాడు. సూర్యకళ అతని వీపుకు చెంప ఆనించి, పెళ్ళిచూపుల్లోనే రెండని తెలిసి ఉంటే ఏం చేసేవారని అడిగింది.

"పెళ్ళి చేసుకుని, అచ్చు తీసి ఉండేవాణ్ణి" అన్నాడు. కాస్త దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "వరండాలో జామకాయ తినేటప్పుడు చూడాలని నా పుస్తకాల్లో కూడా ఉంది కళా. నేనే చూడలేదు. నువ్వు చూశావు."

ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు నిజం ఒప్పుకున్నాడు. ఒకటి కాదమ్మా, రెండు అన్నాడు. ఆవిడ పప్పులో పోపు వేస్తూ, నెల తిరక్కుండానే ప్రమోషన్ వచ్చిందన్నమాట, మంచిదే అంది.

సూర్యకళ అచ్చులు క్లినిక్ అద్దాల బీరువాలో పైఅరలో చేరాయి. కింద సత్యం తన చేతిరాతతో క్లాస్ టూ అని అంటించాడు. ఎముక పెరిగే వయసు దాటింది కాబట్టి నీకు బిళ్ళలు పనిచేయవని, కావాలంటే వేరే దారులున్నాయని అతనన్నాడు. నా గడ్డానికి ఇప్పుడే సెలవు దొరికింది, మళ్ళీ డ్యూటీకి పంపను అంది ఆమె. ఆ అచ్చులు ఎవరివని అడిగిన ప్రతి పేషెంటుకూ పెళ్ళిచూపుల కథ మొత్తం వినిపించాల్సిందే. పెళ్ళి ఆల్బంలో ఒక ఫోటోను తీసేయమని తాయారత్త అప్పట్లో పోరింది. తలంబ్రాల బియ్యం కళ్ళలో పడి సూర్యకళ గడ్డం ఎక్కడో మర్చిపోయి నవ్విన ఫోటో అది. దాన్ని పెద్దది చేయించి హాల్లో పెట్టించాడు.

ఏడాది గడిచి మళ్ళీ ఎండలొచ్చేసరికి, బిళ్ళలు పెట్టుకున్న మొదటి రోజుల్లో ఆశ నత్తిగా పలికిన మాటలన్నీ తేటపడ్డాయి. బళ్ళో ఎవరూ వెక్కిరించడం లేదట, బిళ్ళలు చూపించమని వెంటపడుతున్నారట. ఆ రోజు సత్యం కొత్త అచ్చులు తీశాడు. ప్లాస్టరు వెచ్చబడేటప్పుడు సూర్యకళే పట్టుకుంది. ఆరాక మైనం జోలికి వెళ్ళకుండా రెండు అచ్చులనూ ఆశ చేతికే ఇచ్చి మూయమన్నాడు. పిల్ల మూసింది. అచ్చు జారలేదు. మొన గాడిలో దిగి నిలిచింది. ఆశ విడదీసి మళ్ళీ మూసి చూసుకుంది, మూడోసారి కళ్ళు మూసుకుని మూసింది.

తవిటమ్మ ఆ పూట గంపలో మిగిల్చి తెచ్చిన పెద్ద వంజరం చేపను మెట్ల మీద పెట్టి, మద్దిలపాలెంలో ఫోటో తీయించుకోవాలంది. నలుగురూ వెళ్ళారు. స్టూడియో అతను లైట్లు వేసి, కదలొద్దని చెప్పి కెమెరా వెనక్కి వెళ్ళాడు. తవిటమ్మ చెయ్యి అలవాటుగా మనవరాలి గడ్డం మీదికి లేచింది. అక్కడ దానికి పనేమీ కనబడలేదు. ఒక్క క్షణం గాల్లో ఆగి, వెనక్కొచ్చి తన కొంగే సర్దుకుంది.

అది చూసి సూర్యకళకు నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే లైటు వెలిగింది. ఫోటోలో ఆశ గడ్డం ముందుంది, సూర్యకళ గడ్డం వెనకుంది, రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.